అవతలి జట్టు గొంతు

నా తమ్ముడు జీవితంలో కొట్టిన అతి పెద్ద గోలును నేను మైకులో బస్సు వేళలు చదివినట్టు చదివాను. అలా చదవడమే నా పని.

ఐస్ హాకీ ఆడే మా మంచు హాలులో ఆచారం అది. మన జట్టు గోలు కొడితే నేను నంబరూ పేరూ చెప్పి ఆగుతాను. ఇంటిపేరు గ్యాలరీ అరుస్తుంది, నాలుగు వేలమంది కలిసి. ఆట మొదట్లో ఆటగాళ్లను ఒక్కొక్కరినే మంచు మీదికి పిలిచేటప్పుడూ అంతే. సగం పేరు నాది, సగం వాళ్లది. అవతలి జట్టు గోలు కొడితే మాత్రం నంబరు, పేరు, ఇంటిపేరు, సమయం అన్నీ నేనే చెప్పాలి. ఒక్కసారి, ఒకే ఎత్తులో. దాన్ని మేం అవతలి జట్టు గొంతు అంటాం.

పగలు నేను మా ఊరు కల్లియోవేసి బడిలో గుమాస్తాను. సాయంత్రాలు మైకు. మా నాన్న ఎస్కో కెట్టునెన్ ఇరవై ఆరేళ్లుగా అదే హాలులో జట్టు సామాను చూసే మనిషి. స్కేట్లకు సానపట్టేది ఆయనే. నాన్న పట్టిన సాన మలుపులో పాత గుడ్డ చింపినట్టు మోగుతుంది. వేరేవాళ్లు పట్టింది గోరుతో గీకినట్టు ఉంటుంది. కళ్లు మూసుకుని చెప్పగలను. అమ్మ మార్కెట్టా హాలులోనే కాఫీ కౌంటర్ నడిపేది. తమ్ముడు రోపేకి ఇరవై ఒకటి. జట్టులో ఇరవై ఏడో నంబరు, కాగితం మీద. ఆ జనవరి నుంచి వరసగా పద్నాలుగు మ్యాచ్‌లు వాడు టై కట్టుకుని గ్యాలరీలో కూర్చున్నాడు. కోచ్ వాణ్ణి మంచు మీదికి దించలేదు.

ఫిబ్రవరి పదిహేను. ఆటగాళ్లు జట్లు మారడానికి ఆఖరి రోజు. అది దాటితే ఎవరెక్కడుంటే సీజన్ ముగిసేదాకా అక్కడే. మధ్యాహ్నం నేను ఆ రోజు ఆడేవాళ్ల జాబితా కోసం సానగదికి వెళ్లేసరికి మేనేజర్ కస్కినెన్ అక్కడున్నాడు.

“ఏం ఎస్కో, రమ్మన్నావట?”

“వాణ్ణి పంపించెయ్యండి,” అన్నాడు నాన్న, రాయి మీంచి చూపు తిప్పకుండా.

“ఎవణ్ణి?”

“మావాణ్ణే. కింది లీగులో ఎవరికైనా అరువివ్వండి. కూర్చుని కూర్చుని కాళ్లున్న సంగతి మర్చిపోతున్నాడు.”

కస్కినెన్ నవ్వాడు. “ఇరవై ఆరేళ్లలో నన్ను నువ్వడిగిన మొదటి కోరిక ఇది. సరేలే. సావికోస్కివాళ్లు నిన్ననే ఫోన్ చేశారు, ఎవడైనా ఉంటే ఇమ్మని.”

అక్కడే, నాన్న బల్ల మీదే ఫారం నింపాడు. నేను భుజం మీంచి చూశాను. చివర్లో ఒక గడి ఉంది: అరువు ఇచ్చిన జట్టు మీద ఈ ఆటగాడు ఆడరాదు.

“ఆ గడి ఖాళీగా ఉందండీ,” అన్నాను.

“అది పై లీగు జట్లు ఒకరికొకరు ఇచ్చుకున్నప్పుడమ్మా రీక్కా. వీళ్లు కింది లీగు. మనం వాళ్లతో ఆడేదెప్పుడు?” గడి మీద అడ్డంగా గీత కొట్టి సంతకం చేశాడు.

ఆయన మాట తప్పేమీ కాదు. పై లీగులో పద్నాలుగు జట్లు. ఒక్కో జట్టుకు అరవై మ్యాచ్‌లు. ఆ రోజుకు మేం పన్నెండో స్థానంలో, అట్టడుగు జట్టుకంటే తొమ్మిది పాయింట్ల పైన ఉన్నాం. సావికోస్కి కింది లీగులో అయిదోది. ఆ రెండు జట్లు ఒక మంచు మీద కలవాలంటే ఒకటి పూర్తిగా పడిపోవాలి, ఇంకొకటి పూర్తిగా పైకి రావాలి.

ఆ సాయంత్రమే రోపే సంచీ భుజాన వేసుకుని బస్సెక్కాడు. నాన్న వాడి స్కేట్లకు సానపట్టి తువ్వాలులో చుట్టి ఇచ్చాడు.

*

నాలుగు వారాల్లో మేం పదమూడు మ్యాచ్‌లు ఆడి రెండు గెలిచాం. గోల్‌కీపర్‌కు గజ్జల్లో నరం పట్టేసింది. కొత్తవాణ్ణి తెద్దామంటే తేదీ దాటిపోయింది. లీగులో మొదటి ఆరు జట్లు నేరుగా ముందుకు పోయాయి. తర్వాతి నాలుగు చిన్న పోటీలోకి పోయాయి. పదకొండు, పన్నెండు, పదమూడు సెలవుల్లోకి పోయాయి. పద్నాలుగోది మేం.

పద్నాలుగో జట్టుకు సెలవుల్లేవు. కింది లీగు విజేతతో ఏడు మ్యాచ్‌లు ఆడాలి. ముందు నాలుగు గెలిచినవాళ్లదే పై లీగు స్థానం.

కింది లీగు సావికోస్కి గెలిచింది. రోపే అక్కడ పదకొండు గోల్స్ కొట్టాడు.

కస్కినెన్ ఆ రోజే లీగు ఆఫీసుకు ఫోన్ చేశాడు. నేను పక్క కుర్చీలో ఉన్నాను. ఆయన “అవును”, “అర్థమైంది”, “గీత కొట్టింది నేనే” అన్నాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టాడు, పెట్టి తీశాడు.

“వెనక్కి పిలవడానికి లేదు. తేదీ అయిపోయింది. ఆడొద్దనడానికీ లేదు. కాగితం అలా ఉంది.” తలెత్తి నన్ను చూశాడు. “నువ్వు చెప్పావు కదూ ఆ రోజు.”

“చెప్పానండీ.”

“ఎవరితోనైనా అన్నావా?”

“లేదు.”

ఆ వారమే హాలులో పనిచేసే వాళ్లందరినీ పిలిచి, జట్టు నడిపే సంఘం అధ్యక్షురాలు ఒక కాగితం చదివింది. కిందికి జారితే ఎవరెవరి పనులుండవో ఆ జాబితా. కోచ్, ఆఫీసులో ఇద్దరు, సామాను మనిషి. కింది లీగులో ఆ పని ఊళ్లోవాళ్లు వంతులేసుకుని ఊరికే చేస్తారు. నాన్న తల ఊపి, ఎవరి హెల్మెట్‌కో స్క్రూ బిగించాలని లేచి వెళ్లిపోయాడు.

ఆదివారం రోపే ఫోన్ చేశాడు. అమ్మ స్పీకర్ నొక్కి టేబుల్ మీద పెట్టింది.

“నాన్నా, కాలు నొప్పని చెప్పేయనా?”

“నొప్పుందా?”

“లేదు.”

“మరెందుకు చెప్తావు?”

“నీ పని పోతుందట కదా.”

“నా పని సంగతి నేను చూసుకుంటాను. నువ్వు నీ పని చూసుకో. అక్కడ సాన ఎవరు పడుతున్నారు?”

“అన్సీ అని ఉన్నాడు. పర్లేదు, కానీ నీ అంత...”

“ఊఁ,” అని నాన్న రొట్టె మీద వెన్న రాసుకున్నాడు.

*

మొదటి మ్యాచ్‌కి ముందు కాఫీ కౌంటర్ దగ్గర పెన్టీ నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుగా బి గ్యాలరీలో ఒకే కుర్చీలో కూర్చునే రిటైర్డ్ టాక్సీ డ్రైవర్.

“మార్కెట్టా, ఇవాళ కాఫీ ఎవరి వైపు పోస్తున్నావు?”

“కప్పు ఎటు పెడితే అటు,” అంది అమ్మ.

“మీవాడు గోలు కొడితే చప్పట్లు కొడతావా?”

“రెండు చేతుల్లో ఫ్లాస్కులుంటే ఎలా కొట్టను?”

వరసలో వాళ్లంతా నవ్వారు. మొదటి మ్యాచ్ అప్పటికి ఇంకా నవ్వు మిగిలుంది. మేం గెలిచాం. రెండోది వాళ్ల హాలులో ఓడిపోయాం. మూడు గెలిచాం, నాలుగు ఓడాం, అయిదు ఓడాం, ఆరు గెలిచాం. రోపేవి నాలుగు గోల్స్. వాటిలో రెండు మా హాలులో. రెండూ నేనే చదివాను. మొదటిసారి నోరు ఎండింది. రెండోసారి అదీ లేదు. పళ్ల డాక్టర్ మత్తు ఇచ్చాక పెదవిని ముట్టుకుంటే ఎవరిదో ముట్టుకున్నట్టు ఉంటుందే, మా ఇంటిపేరు నాకు అలా వినిపించింది.

ఏడో మ్యాచ్ ఏప్రిల్ పన్నెండు, శనివారం, సాయంత్రం అయిదింటికి. బయట ఇంకా ఎండగా ఉంది. పార్కింగ్‌లో మంచు కరిగి బురదైంది.

ఆటకు నలభై నిమిషాల ముందు జాబితా కోసం సానగదికి వెళ్లాను. నా వెనకే సావికోస్కి సామాను మనిషి అన్సీ వచ్చాడు. చేతిలో ఒక జత స్కేట్లు.

“అన్నా, మా మిషన్ మోటారు కాలిపోయింది. ఈ జతకు ఇందాక ప్రాక్టీసులో నొక్కు పడింది. ఒక్క జతే.” కుడి బ్లేడు మీద నొక్కు చూపించాడు. “మీవాడివే. నీకు ఇబ్బందైతే చెప్పు, ఇలాగే వేసుకుంటాడు.”

సామాను మనుషుల్లో ఒక పద్ధతి ఉంది. అవతలివాడు అడిగితే కాదనరు. ఏ నియమాల పుస్తకంలోనూ లేదు. అందరూ పాటిస్తారు.

“పెట్టు,” అన్నాడు నాన్న.

అన్సీ బల్ల మీద పెట్టి తలుపు దగ్గర నిలబడ్డాడు. అదే తలుపులోకి మా కెప్టెన్ లస్సే కర్రకు టేపు చుట్టుకుంటూ వచ్చాడు.

“బాబాయ్, అవెవరివి?”

“ఇరవై ఏడు.”

“మన ఇరవై ఏడా?”

“ఇవాళ కాదు.”

లస్సే అన్సీని చూశాడు, స్కేట్లను చూశాడు. “కొంచెం మొద్దుగా ఉంచితే ఎవడికి తెలుస్తుంది బాబాయ్?” సగం నవ్వుతూనే అన్నాడు. అన్సీ నేల చూశాడు. నాన్న ఎడమ స్కేటు బిగించాడు. లస్సే టేపు తెంపుకుని వెళ్లిపోయాడు.

నాన్న మిషన్ వేశాడు. నిప్పురవ్వలు ఎప్పటిలాగే ఆయన చొక్కా చేతి మీద పడి ఆరిపోయాయి. ఒక్కో బ్లేడును రాయి మీద ఆరుసార్లు లాగడం ఆయన లెక్క. ఎడమది అయింది. కుడిది అయిదుసార్లు లాగి, అంచును బొటనవేలి గోరు మీద పెట్టి చూశాడు. బయటి అంచు గోరును సన్నగా చెక్కింది. లోపలి అంచు చెక్కలేదు. జారింది.

నేను చూశాను. నేను చూసినట్టు ఆయనకు తెలుసు.

ఆయన మిషన్ ఆపేశాడు. రాయి తిరిగి తిరిగి నిలిచిపోయింది. ఆ అంచు అలా ఉంటే మనిషి పడిపోడు. కుడి మలుపులో ఒక్క అడుగు ఆలస్యమవుతుంది, అంతే. ఈ ఆటలో ఒక్క అడుగు చాలు. నాకు అధ్యక్షురాలి కాగితం గుర్తొచ్చింది. దానిలో నాలుగో వరుస గుర్తొచ్చింది. నోరు తెరిస్తే ఏమనేదాన్నో ఇప్పటికీ తెలియదు.

గోడ గడియారంలో పెద్ద ముల్లు ఒక గీత దాటింది.

నాన్న మిషన్ మళ్లీ వేశాడు. ఆరోసారి లాగాడు. గోరు మీద పెట్టాడు. సన్నటి తెల్లటి పొర లేచింది. అందరివీ చుట్టినట్టే తువ్వాలులో చుట్టి అన్సీకి ఇచ్చాడు.

“జాబితా ఆ మేకుకుంది చూడమ్మా,” అన్నాడు నాతో.

*

అరవై నిమిషాలయ్యేసరికి స్కోరు రెండు రెండు. అదనపు సమయం మొదలైంది. ఎవరు ముందు కొడితే వాళ్లది పై లీగు.

నాలుగో నిమిషంలో పక్, ఆ నల్ల రబ్బరు బిళ్ల, గోడకు తగిలి రోపే దగ్గరికి వచ్చింది. ఎదురుగా లస్సే. రోపే ఎడమకు పోతున్నట్టు పోయి కుడికి తిరిగాడు, లోపలి అంచు మీద. గుడ్డ చింపినట్టు ఆ శబ్దం నా బల్లదాకా వినిపించింది. లస్సే ఒక అడుగు వెనకబడ్డాడు. ఆ తర్వాత వలలో పక్.

మూల గ్యాలరీలో సావికోస్కి నుంచి వచ్చిన అరవై మంది అరిచారు. మిగతా హాలులో వెంటిలేటర్ ఫ్యాన్ల శబ్దం వినిపించింది. సమయం చూసేవాడు చీటీ నా వైపు జరిపాడు. మైకు మీట నొక్కాను.

“సావికోస్కి గోలు. ఇరవై ఏడో నంబరు, రోపే కెట్టునెన్. సమయం అరవై మూడు పదకొండు.”

గొంతు వణకలేదు. తర్వాత చాలామంది అదే అడిగారు, ఎలా వణకలేదని. చీటీలో ఉన్నది చదివాను. దాని కింద ఇంకో కాగితం ఉంది, అదీ చదివాను: ప్రేక్షకులు బయటి మెట్ల మీద జాగ్రత్తగా నడవాలి, ఉత్తరం వైపు గేటు మూసి ఉంది, సీజన్ అంతా తోడున్నందుకు కృతజ్ఞతలు.

కింద సానగది తలుపులో నాన్న నిలబడి ఉన్నాడు. రోపే వాళ్ల జట్టు గుంపు అడుగున ఎక్కడో ఉన్నాడు. కనిపించలేదు.

మర్నాడు వాడు ఇంటికొచ్చాడు. అమ్మ సాసేజ్ సూప్ చేసింది. ఆవిరిస్నానానికి సౌనా వేడి చేశాం. నాన్నా వాడూ అరగంట లోపల కూర్చున్నారు. పక్క గదిలో తువ్వాళ్లు మడతపెడుతున్న నాకు రాళ్ల మీద నీళ్లు పోసిన చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. చివరికి నాన్న గొంతు.

“లోపలి అంచు సరిపోయిందా?”

“సరిపోయింది.”

ఆ వసంతంలో ఆటను గురించి వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది అంతే.

*

సాన సంగతి రెండు రోజుల్లో ఊరంతా తెలిసింది. లస్సే చెడ్డవాడు కాదు. బార్‌లో ఎవరో అడిగితే చెప్పాడు. గడి సంగతి మాత్రం ఎవరికీ తెలియలేదు. కొట్లో మేం కనిపిస్తే జనం పాల డబ్బాల మీద తేదీలు శ్రద్ధగా చదివేవాళ్లు. పిల్లల టోర్నమెంట్‌కి అమ్మ కౌంటర్ తెరిస్తే పెన్టీ ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకుని, ఆమె ఎదురుగా బెంచీ మీద కూర్చుని పోసుకుని తాగాడు. అమ్మ ఆయన ముందు ఏలకుల రొట్టె పెట్టిన పళ్లెం ఉంచింది. తినలేదు.

పని తీసేసే కాగితం ఇవ్వకముందే నాన్న తాళాల గుత్తి ఆఫీసు బల్ల మీద పెట్టాడు. ఏడు తాళాలు. హాలు నుంచి తెచ్చుకున్నది ఒక్కటే, ఎప్పుడో వాడటం మానేసి పక్కన పడేసిన పాత సాన మిషన్. షెడ్డులో దుప్పటి కప్పి పెట్టాడు. మే మొదట్లో కోత మిల్లులో చేరాడు, రంపాలకు పదును పెట్టే గదిలో. ఇంటికి కొత్త వాసనతో వచ్చేవాడు, రంపపు పొట్టూ నూనే కలిసిన వాసన.

మే ఇరవై ఏడు ఉదయం రేడియోలో చెప్పారు. లీగులోకి రావాలంటే గెలిస్తే చాలదు. అనుమతి కావాలి. హాలు, కుర్చీలు, లైట్లు, ఊరు ఇచ్చే హామీ, అన్నీ లీగు వేసిన ఒక కమిటీ చూసి అవునో కాదో చెప్తుంది. సావికోస్కి హాలు చిన్నది. పెంచుతామని ఊరివాళ్లు చెప్పారు గానీ మునిసిపాలిటీ దాని మీద ఓటింగును శరత్కాలానికి వాయిదా వేసింది. అనుమతి రాలేదు. పై లీగులో పద్నాలుగో స్థానం కల్లియోవేసిదే.

అమ్మ కప్పు కింద పెట్టింది. “అంటే?”

“అంటే ఏమీ జరగలేదు,” అన్నాడు నాన్న. టోపీ పెట్టుకుని మిల్లుకు వెళ్లాడు.

హాలులో కాఫీ, కేకు పెట్టి అందర్నీ పిలిచారు. మేం వెళ్లలేదు. సాయంత్రం కస్కినెన్ కేకు ముక్కలు ఒక డబ్బాలో పట్టుకుని మా మెట్లెక్కాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఎస్కో, నీ బల్ల నీకోసం అలాగే ఉంది.”

“వేరే అబ్బాయి రాయి బిగించాడట కదా?”

“తాత్కాలికమే. నువ్వు ఊఁ అంటే రేపే...”

“వాడికి ఈ మధ్యే పాప పుట్టింది. ఉంచండి. మిల్లులో నాకు బానే ఉంది. రంపాలు ఏ జట్టువో చెప్పవు.”

కస్కినెన్ నవ్వబోయి మానేశాడు. డబ్బాను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. “ఆ గడి కొట్టేసింది నేను. నువ్వెక్కడా చెప్పలేదు.”

“పంపమని అడిగింది నేను. మీరూ అది చెప్పలేదు.”

“నువ్వడిగావని అందరికీ చెప్పాను ఎస్కో,” అన్నాడు కస్కినెన్, నెమ్మదిగా.

నాన్న కేకు డబ్బా అందుకుని, “బురదగా ఉంది, మెట్లు చూసుకుని దిగండి,” అన్నాడు.

*

రోపే అరువు ఏప్రిల్ ముప్పైతో ముగిసింది. మా జట్టుతో వాడి ఒప్పందం ఇంకా రెండేళ్లుంది. వదిలించుకోవడానికి వాడికీ వీల్లేదు, జట్టుకూ వీల్లేదు. ఆగస్టులో ప్రాక్టీసుకు వచ్చాడు. కోచ్ మారాడు. కొత్త కోచ్ జాబితాలో మొదటి మ్యాచ్‌కే ఇరవై ఏడో నంబరు ఉంది.

సెప్టెంబరు. హాలు నిండింది. కౌంటర్లో అమ్మ లేదు. జూన్‌లో మానేసింది. నాన్నకు ఆ సాయంత్రం మిల్లులో షిఫ్టు. మా ఇంటినుంచి హాలులో ఉన్నది వాడూ నేనూ.

దీపాలు తగ్గించారు. గేటు దగ్గర లైటు వేశారు. ఒక్కొక్కరినే పిలిచాను. పేరు చెప్పి ఆగితే ఇంటిపేరు గ్యాలరీలోంచి గోడలా వచ్చి మీద పడేది. లస్సేకి వచ్చింది. కొత్తగా చేరిన గోల్‌కీపర్‌కీ వచ్చింది.

“ఇరవై ఏడో నంబరు, రోపే...”

ఆగాను. మామూలుగా రెండు సెకన్లు. నాలుగు లెక్కపెట్టాను. వెంటిలేటర్ ఫ్యాన్ల శబ్దం వినిపించింది. బి గ్యాలరీలో పెన్టీ తన బూట్లు చూసుకుంటున్నాడు. గేటు దగ్గర వెలుతురులో రోపే నిలబడే ఉన్నాడు, పేరు పూర్తయ్యేదాకా కదలకూడదు కాబట్టి.

“కెట్టునెన్,” అన్నాను. అవతలి జట్టు గొంతుతోనే వచ్చింది.

వాడు మంచు మీదికి దిగాడు. నీలం గీత దాకా పోయి, కుడికి తిరిగి వరసలో నిలబడ్డాడు. ఆ మలుపులో పాత గుడ్డ చింపినట్టు మోగింది. మిగతావాళ్లందరివీ గోరుతో గీకినట్టే ఉన్నాయి.

షెడ్డులో మిషన్ మీద దుప్పటి ఎప్పుడు తీశారో నాకు తెలియదు. నాన్న గానీ వాడు గానీ నాతో చెప్పలేదు.

జాబితాలో తర్వాతిది ముప్పై ఒకటి. నంబరూ పేరూ చదివి ఆగాను. నాలుగు వేలమంది ఇంటిపేరు అరిచారు.